చూసి చెప్పే రామస్వామి

నాచారంలో ఎవరైనా ఐసీయూలో పడితే రెండు ఫోన్లు వెళ్తాయి. ఒకటి దగ్గరి చుట్టాలకు, రెండోది రామస్వామికి. రామస్వామి ముందు వస్తాడు.

ఆయనకు అరవై మూడేళ్ళు. ఆలేరు దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదో ఏట పనికి వచ్చాడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో నీళ్ళ పంపులు చేసే ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు ఉన్నాడు. చివరి పదేళ్ళు సూపర్‌వైజర్. తయారైన పంపు మీద చెయ్యి పెట్టి, చప్పుడు విని, ఇది నడుస్తుంది, ఇది నడవదు అని చెప్పడం ఆయన పని. రిటైరయ్యాక పంపులు లేవు. చెయ్యి ఉంది.

మనుషుల మీద ఆ చెయ్యి పెట్టడం అంతకు ముందే మొదలైంది. పదహారేళ్ళ కింద ఆయన అన్న గుండె ఆగి పడిపోయాడు. డాక్టర్లు గుండెను మళ్ళీ కొట్టించారు గాని మనిషి కళ్ళు తెరవలేదు. తెరుస్తాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. రామస్వామి లోపలికి వెళ్ళి అన్న కనురెప్ప ఎత్తి చూశాడు. అరికాలు గిల్లాడు. కాలివేళ్ళు పిడికిట్లో పట్టుకున్నాడు. బయటికొచ్చి, "పోయిండు. ఇంటికి తీస్కపోదాం" అన్నాడు. తీసుకుపోయారు. అంబులెన్సు ఉప్పల్ రింగ్ రోడ్డు దాటకముందే అన్న ఊపిరి ఆగింది. వాకిట్లో ఏడుపుల మధ్య ఎవరో, "రామస్వామి చెప్పనే చెప్పిండు" అన్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. అంత దుఃఖంలోనూ పడింది.

అప్పటి నుంచి, అన్నతో కలిపి, మొత్తం పదకొండు మందిని చూసి చెప్పాడు. పదకొండు మందిని ఇంటికి తీసుకుపోయారు. పదకొండుకు పదకొండు నిజమైంది. ఉప్పల్ స్టేడియంలో ఏ బ్యాట్స్‌మన్‌కూ అంత సగటు లేదు.

డాక్టర్లు చెప్పలేమంటారు. ఆ ఒక్క మాట అనడానికి పదేళ్ళు చదువుతారు. రామస్వామి చదివింది పదో తరగతి. అందుకే చెప్పగలడు. తెల్ల చొక్కా, జేబులో చిన్న టార్చి, టార్చి పక్కన మడత పెట్టిన పంచాంగం. వార్డు బయట కూర్చున్నవాళ్ళు ఆయన్ని చూడగానే లేచి చోటిస్తారు. వాళ్ళకు కావలసింది మాట. ఏ మాటైనా సరే, తేలిపోవాలి. శాతాలు, అవకాశాలు, ఇంకొన్ని రోజులు, ఇవి మాటలా?

ఆయన్ని లెక్కచేయని మనిషి ఒక్కతే ఉంది. ఆయన భార్య కిష్టమ్మ.

"మల్లాపూర్ల ఒకాయనకు సీరియస్ ఉందట. సూసొస్త" అని చెప్పులేసుకుంటాడు.

"నువ్వు పోయి సూసినంక లేసి కూసున్నోడు ఒక్కడన్న ఉన్నడా?"

"అదేనే నేను చెప్పేది. నా మాట తప్పది."

"తప్పది, తప్పది. యముడు గూడ నిన్ను అడిగినంకనే బండి ఎక్కుతడు. అన్నం తిని పో."

తినే పోతాడు. అలాంటి చోట ఎంతసేపు పడుతుందో చెప్పలేం.

పన్నెండోవాడు వీరేందర్.

వీరేందర్‌కు నలభై నాలుగు. రామస్వామికి వరసకు మేనల్లుడు. నాచారంలో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్, అంటే సరుకు పెట్టెలు ఎత్తి దించే బండి, నడుపుతాడు. ఒక మంగళవారం పొద్దున పదిన్నరకు టీ తాగుతూ గోదాము గేటు దగ్గర కూలబడ్డాడు. గుండె ఆగింది. చుట్టూ ఇరవై మంది మగవాళ్ళు చేరారు. ఒకడు ఫిట్స్ అన్నాడు. ఇంకొకడు తాళాల గుత్తి తీసి వీరేందర్ చేతిలో పెట్టి, ఇనుము పట్టిస్తే లేస్తాడని వేళ్ళు మూశాడు. తాళాలు చిన్నవని మరొకడు షట్టర్ తాళం తెచ్చాడు. నలుగురు వీడియో తీశారు. గేటు దగ్గర సెక్యూరిటీ చేసే సత్యవేణి వాళ్ళను తోసుకొని వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, వీరేందర్ ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. పోయిన ఏడాది కంపెనీవాళ్ళు ఆమెకు నేర్పించారు. ఆ రోజు క్లాసుకు మగవాళ్ళూ వచ్చారు. సమోసాలు తిని వెళ్ళారు.

పన్నెండు నిమిషాలు నొక్కింది. అంబులెన్సు వచ్చింది. ఛాతీకి కరెంటు షాకిచ్చారు. గుండె కొట్టుకుంది. వీరేందర్ లేవలేదు.

ఉప్పల్ వెళ్ళే రోడ్డు మీది ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ ఐసీయూ డాక్టరు పేరు మానస. చిన్న వయసు. వీరేందర్ భార్య త్రివేణిని కూర్చోబెట్టి, నిదానంగా చెప్పింది.

"గుండె ఆగినంతసేపు మెదడుకు రక్తం సరిగా అందలేదు. ఎంత దెబ్బ తగిలిందో ఇప్పుడు తెలీదు. మెదడును కాపాడటానికి ఒక రోజు ఒళ్ళంతా మెషిన్‌తో చల్లబరుస్తాం. నిద్రమందు ఇస్తాం. గురువారం పొద్దుటికి మెల్లగా మామూలు వేడికి తెస్తాం. మందు ఒంట్లోంచి పూర్తిగా పోవాలి. వేడి మామూలయ్యాక మూడు రోజులు ఆగి పరీక్షలు చేస్తాం. అంటే ఆదివారం పొద్దున. అప్పటిదాకా నన్ను ఏమీ అడగొద్దు. అడిగినా చెప్పలేను."

"ఆదివారం చెప్తరా?" అంది త్రివేణి.

"ఆదివారం కొంత చెప్తాను."

త్రివేణి చర్లపల్లిలో ఇంజెక్షన్ సీసాలు నింపే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తక్కువ మాట్లాడుతుంది. తల ఊపింది.

బుధవారం పదకొండు గంటలకు చూడటానికి అనుమతించే సమయం. రామస్వామి లోపలికి వెళ్ళాడు. కనురెప్ప ఎత్తి టార్చి వేశాడు. అరికాలు గిల్లాడు. కదల్లేదు.

"నిద్రమందు ఇచ్చాం సర్" అంది నర్సు.

"నిద్రపొయ్యెటోన్ని గిల్లితె లెవ్వడా అమ్మా?"

కాలివేళ్ళు పిడికిట్లో పట్టుకున్నాడు. మంచు.

"మేమే చల్లబరిచాం సర్. ఇదిగో మెషిన్."

రామస్వామి మెషిన్‌ని చూశాడు. నలభై ఏళ్ళు మెషిన్లతో బతికిన మనిషి. దాన్ని మెచ్చుకోలుగానే చూశాడు. "మీరు సల్లగ జేస్తే మాత్రం, ఉన్నోని కాళ్ళు ఇంత సల్లగైతయా?" అన్నాడు. నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన దాన్ని ఒప్పుకోలు కింద జమ వేసుకున్నాడు.

బయట వీరేందర్ అన్న బాలనర్సింహ నిలబడి ఉన్నాడు. అన్నోజిగూడలో హైవే పక్కన టైర్ల దుకాణం. ఆసుపత్రి అంటే భయం. చేతులు కట్టుకొని అడిగాడు. "ఎట్లుంది మామా?"

"పోయిండు బిడ్డా. ఉత్తగ మిషిన్ ఊపిరి ఊదుతుంది. ఇంటికి తీస్కపోదాం."

"డాక్టరమ్మ ఆదివారం అన్నది గద."

"చెప్పలేము అన్నదా లేదా?"

"అన్నది."

"ఉన్నోని గురించి చెప్పలేమంటరా? లేనోని గురించే అంటరు."

బాలనర్సింహకు తర్కం అర్థమైంది. ఏడ్చాడు.

ఇక పనులు మొదలయ్యాయి. రామస్వామి పంచాంగం విప్పాడు. ఐసీయూ బయట ఆ పుస్తకం విప్పినప్పుడు ఆయన ముఖంలో పంపుల కాలం నాటి గాంభీర్యం వస్తుంది. శుక్రవారం సాయంత్రం ఏడు గంటల పది నిమిషాలకు ధనిష్ఠ. అక్కడి నుంచి రేవతి దాకా ఐదు నక్షత్రాలు, బుధవారం వరకు. ఆ రోజుల్లో మనిషి పోతే, ఎక్కడ పోయినా సరే, ఆయన ఉన్న ఇంటికి నెలల తరబడి తాళం వేయాలి. ధనిష్ఠకైతే ఆరు నెలలు.

"శుక్రారం ఏడు లోపట అయిపోవాలె" అన్నాడు.

డాక్టరు ఆదివారం అంది. పంచాంగం శుక్రవారం అంది. ఆ కాలనీలో పంచాంగానికి ఎదురు ప్రశ్న వేసినవాళ్ళు లేరు.

మాట ఇంటి ఓనరు కౌసల్యమ్మకు చేరింది. కింద కిరాణా దుకాణం, మధ్య అంతస్తులో వీరేందర్ కుటుంబం కిరాయికి, పైన కౌసల్యమ్మ. ఆటో చేసుకొని ఆసుపత్రికి వచ్చి త్రివేణి పక్కన కూర్చుంది. ముందు ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. వీరేందర్ ఆమెకు గ్యాస్ సిలిండర్ పైకి మోసి ఇచ్చేవాడు.

"నాకు మాత్రం ఇష్టమా చెప్పు బిడ్డా? బంగారమసొంటి పిలగాడు. పొయ్యెటోడు మంచి గడియల పోతే ఆయనకే మంచిగుంటది. ఆర్నెల్లు ఇంటికంత తాళమేస్తే నేను మెట్లెక్కి పైకెట్ల పోవాలె? కిరాణం ఆయన ఏమంటడు?"

త్రివేణి చెయ్యి కౌసల్యమ్మ చేతిలో ఉంది. వెనక్కి తీసుకుంది.

గురువారం పొద్దున వీరేందర్ ఒళ్ళు మామూలు వేడికి వచ్చింది. పదకొండు గంటలకు రామస్వామి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. కాలివేళ్ళు పట్టుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి. కాసేపు పట్టుకొనే ఉన్నాడు. బాలనర్సింహ ఆశగా చూశాడు.

"మామా, కాళ్ళు కాకగున్నయి గద?"

"ఆఖరి కాక అది."

"నిన్న సల్లగుంటే పోయిండంటివి."

"నిన్న పోతుండె. ఇయ్యాల పోయిండు."

అంతలో వీరేందర్ రెప్ప ఒకసారి అల్లాడింది. బాలనర్సింహ అరిచాడు. రామస్వామి అతని భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించాడు.

"కరెంటు. మిషిన్ల కరెంటు ఒంట్లకు దిగుతది. మా అన్నకు గూడ రెప్ప గట్లనే కొట్టుకుంది."

ఈ మాట అన్నాక ఆయన ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ నడిచాడు.

సాయంత్రానికి బాలనర్సింహ దోస్తులు ఫ్లెక్సీ కొట్టించారు. వీరేందర్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఫొటో, వెనక మబ్బులు, మబ్బుల్లో పావురాలు. కింద అశ్రునయనాలతో అంటూ తొమ్మిది మంది పేర్లు, వాళ్ళ ఫొటోలు. వీరేందర్ ఫొటో కన్నా దోస్తుల ఫొటోలకే చోటు ఎక్కువ పట్టింది. పుట్టిన తేదీ ఉంది. పోయిన తేదీ దగ్గర శుక్రవారం అని రాయించారు. ఊరి నుంచి చుట్టాలు జీపు మాట్లాడుకున్నారు. టెంటు చెప్పారు. డప్పులు చెప్పారు. ఇక మిగిలింది మనిషి పోవడం.

దానికి ఒక సంతకం కావాలి. డాక్టర్ల సలహాకు విరుద్ధంగా మా ఇష్టపూర్వకంగా తీసుకువెళ్తున్నాం అని ఒక కాగితం. దాని మీద భార్య సంతకం పెడితే గొంతులోని గొట్టం తీసి పంపుతారు. శుక్రవారం మూడు గంటలకు రామస్వామి ఆ కాగితం తెచ్చాడు. ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గుర్తు కూడా వేశాడు. అంబులెన్సు కింద నిలబడి ఉంది. డాక్టర్ మానస వచ్చి చెప్పింది.

"ఇప్పుడు తీసుకెళ్తే కచ్చితంగా పోతారు. ఆదివారం దాకా ఉంచితే పోవచ్చు, ఉండొచ్చు. నేను చెప్పగలిగింది ఇంతే."

"సూసిన్రా" అన్నాడు రామస్వామి చుట్టాలవైపు తిరిగి. "ఆమె గూడ కచ్చితంగ పోతడనే అంటుంది."

త్రివేణి కాగితం తీసుకుంది. చదివింది. పెన్ను మూత తీయలేదు.

"మామా, నీకు ఫ్యాక్టరీ పని తెలుసు. నా పని ఏందో తెలుసా?"

"సీసలు సూస్తవు."

"సీసలనే సూస్త. ఇంజెక్షన్ సీసల నలుసు ఉందా లేదా సూడాలె. సీసను తిప్పి లైటు ముంగట పట్టుకుంటం. తిప్పితే లోపల బుడగలొస్తయి. బుడగ గూడ నలుసు తీరుగనే ఉంటది. బుడగలు పోయేదాక ఆగాలె. కొత్తగొచ్చిన పిల్లలు ఆగరు. బుడగను సూసి నలుసని ఎర్ర ట్రేల ఏస్తరు. ఎర్ర ట్రేల పడ్డది పగలగొట్టుడే."

"గిప్పుడు గవన్ని ఎందుకు బిడ్డా? ఏడు దగ్గర పడ్తుంది."

"ఆగు మామా. ఎర్ర ట్రేల ఏసిన పిల్లకు తప్పు జేసిన్నని ఎట్ల తెలుస్తది? పగిలిపోయినంక అది మంచిదా చెడ్డదా ఎవలు జెప్తరు? ఆ పిల్ల, నేను ఒక్కటి గూడ తప్పుగ ఏయలేదంటది. నిజమే అనిపిస్తది. అందుకని మా సారు వారానికొకపారి ఎర్ర ట్రే పగలగొట్టక ముందే తీసి మళ్ళ సూపిస్తడు. సగం మంచియే ఎల్తయి."

ఆమె కాగితం మడిచింది.

"పదకొండు మందిని నువ్వు ఇంటికి తోలినవ్. నీ ఎర్ర ట్రే ఎవలన్న మళ్ళ సూసిండ్రా మామా?"

వరండాలో ఉన్న పదిహేను మంది రామస్వామివైపు చూశారు. ఆయన ఏదో అనడానికి నోరు తెరిచాడు. ముప్ఫై వేల పంపులకు మంచి చెడ్డ చెప్పిన నోరు. కౌసల్యమ్మే అంది.

"గది సరే బిడ్డా, మరి ఇల్లు?"

"తాళమేస్కోండి అమ్మా. నా సామాన్లు నేను తీస్త. ఆయనను మాత్రం తియ్య."

సంతకం పెట్టలేదు.

ఏడు గంటల పది నిమిషాలకు ధనిష్ఠ వచ్చింది. వీరేందర్ ఉన్నాడు. చుట్టాలు గోడ గడియారం చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, చేయవలసిన పనేదో చేతిలోంచి జారిపోయినట్టు లేచి నిలబడ్డారు. ఇప్పుడు ఇంకో సంగతి తెలిసి వచ్చింది. ఈ ఐదు రోజుల్లో మాత్రం ఆయన పోకూడదు. అంతదాకా త్వరగా తీసుకుపో దేవుడా అన్న కౌసల్యమ్మ, బుధవారం దాకా ఊపిరి నిలబెట్టమని పెద్దమ్మతల్లికి మేకను మొక్కింది. బాలనర్సింహ రోజుకు రెండుసార్లు వచ్చి మెషిన్లకు కరెంటు పోతే జనరేటరు ఉందా అని అడిగాడు. రామస్వామి కూడా ఒక మాట చెప్పి పెట్టాడు. "బేస్తారం పోతడు."

ఆదివారం పొద్దున మానస పరీక్షలు చేసింది. కళ్ళల్లో లైటు వేస్తే కంటిపాపలు ముడుచుకున్నాయి. మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు పెట్టి, అది మెదడు దాకా చేరుతుందో లేదో తెర మీద చూశారు. రెండు చేతుల నుంచీ చేరింది. తలకు తీగలు అంటించి మెదడు గీతలు తీశారు. అవి గొప్పగా లేవు. చెడ్డగానూ లేవు.

"లేచే అవకాశం ఉంది" అంది మానస.

"ఎంతవరకు?" అంది త్రివేణి.

"అది చెప్పలేను."

త్రివేణి తల ఊపింది. మంగళవారం నుంచి ఆమెకు దొరికిన మాటల్లో ఇదొక్కటే నమ్మదగ్గదిగా తోచింది.

బుధవారం ఐదు నక్షత్రాలూ దాటిపోయాయి. గురువారం, రామస్వామి ఇచ్చిన రెండో గడువు రోజున, వీరేందర్ కళ్ళు తెరిచాడు. త్రివేణి మంచానికి ఈ పక్క నుంచి ఆ పక్కకు నడిస్తే చూపు ఆమె వెంట వచ్చింది. చెయ్యి నొక్కమంటే నొక్కాడు. మరో పది రోజులకు గొట్టం తీశారు. మాట బొంగురుగా వచ్చింది గాని వచ్చింది. నెలన్నరకు ఇంటికి తెచ్చారు. ఫ్లెక్సీని కౌసల్యమ్మ నీళ్ళ ట్యాంకు మీద కప్పింది, పావురాలున్న వైపు లోపలికి. మేకను కోసింది. మధ్య అంతస్తులో వండి పైన, కిందా పంచింది.

రామస్వామికి కష్టకాలం వచ్చింది. ముందు, అది కేసే కాదన్నాడు. తర్వాత, ఆసుపత్రివాళ్ళు కాళ్ళు చల్లబరిచి తనను తప్పుదోవ పట్టించారన్నాడు. ఆ తర్వాత, పన్నెండుకు పదకొండు తక్కువేమీ కాదన్నాడు. ఇది నిజానికి బాగానే అతికేది. కాని మాట ఆయన కన్నా ముందు నడిచింది. చిలకనగర్ నుంచి ఒకరు పిలిచారు. వెళ్ళి, చూసి, ఇంటికి తీసుకుపోదాం అన్నాడు. పేషెంటు కూతురు, "జర ఆగుదాం తాతా. నాచారంల ఒకాయన లేసిండట గద" అంది. ఎవరి గురించి చెబుతోందో ఆమెకు తెలియదు. ఆయన టార్చి జేబులో పెట్టుకొని బస్సెక్కాడు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి.

మధ్యాహ్నాలు ఇంట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. కూర్చున్నవాడు లెక్కలు వేస్తున్నట్టు వేళ్ళు ముడిచేవాడు. పదకొండు దాకా వచ్చి ఆగేవాడు, మళ్ళీ మొదటి వేలు దగ్గరికి వెళ్ళేవాడు. ఆ మొదటి వేలు తన అన్న. కిష్టమ్మ నాలుగు రోజులు చూసింది. ఐదో రోజు కూరగాయల సంచిలో దానిమ్మ పండ్లు వేసి చేతికిచ్చింది.

"వీరేందర్‌ను సూసి రాపో."

"ఏం మొఖంతోని పోవాలె?"

"ఉన్న మొఖంతోనే పో. గిల్లకు మల్ల."

వెళ్ళాడు. రామస్వామి ఎవరి మెట్లైనా ఎక్కితే ఆ ఇంట్లో ఎవరో పోతున్నారని కాలనీకి తెలుసు. కిరాణా ఆయన బయటికొచ్చి తలెత్తి చూశాడు. పైనుంచి కౌసల్యమ్మ, "ఎవలకేమైంది?" అని కేక వేసింది. "ఎవలకేం గాలేదు" అని రామస్వామి మెట్ల మధ్యలో నిలబడి గట్టిగా చెప్పుకోవలసి వచ్చింది.

వీరేందర్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రబ్బరు బంతి పిసుకుతున్నాడు. చెయ్యి సన్నగా వణుకుతోంది. చిక్కాడు. మామను చూసి లేవబోయాడు.

"రా మామా. ఎవలకు సీరియస్?"

"ఎవలకు లేదు అల్లుడా. నిన్ను సూద్దామనొచ్చిన."

"నాకేమైంది? మంచిగున్న." నవ్వాడు. బంతి పిసికాడు.

త్రివేణి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. పాత సంగతులన్నీ గుర్తున్నాయనీ, కొత్తవి నిలవడం లేదనీ చెప్పింది. ఆరు నెలల్లో మెరుగవ్వొచ్చు, అవ్వకపోవచ్చు. ఫోర్క్‌లిఫ్ట్ మాత్రం ఇప్పట్లో లేదు. డాక్టరు చెప్పలేనంది.

"ఆమె ఎన్నడు చెప్పింది గనుక" అన్నాడు రామస్వామి అలవాటుగా. త్రివేణి చూసింది. ఆయన నీళ్ళు తాగాడు.

వీరేందర్ ఇటు తిరిగాడు. "మామా, ఎప్పుడొచ్చినవ్? ఎవలకన్న సీరియస్ ఉందా?"

రామస్వామి త్రివేణివైపు చూశాడు. ఆమె దానిమ్మ పండు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"లేదురా. ఊకెనే వచ్చిన."

"నువ్వు ఊకె ఏడికి రావు గద" అన్నాడు వీరేందర్. అందులో వెటకారం లేదు. తెలిసిన సంగతి చెప్పాడు. మళ్ళీ బంతి పిసికాడు. కింద రోడ్డు మీద లారీ వెనక్కి వస్తూ కూతలు పెట్టింది. అది ఆగేదాకా విని, మూడోసారి అడిగాడు.

"ఎవలకు సీరియస్ మామా?"

"నీకే ఉండెరా" అన్నాడు రామస్వామి.

"నాకా? ఎన్నడు?"

"రెండు నెలలాయె. గుండె ఆగింది నీకు."

"అబ్బో. మరి నువ్వు సూసినవా?"

"సూసిన."

"ఏమన్నవ్?"

రామస్వామి గోడవైపు చూశాడు. త్రివేణి చేతుల్లో గింజలు రాలడం ఆగింది.

"చెప్పు మామా. అడుగుతుండు గద" అంది.

"పోతవన్న" అన్నాడు రామస్వామి.

వీరేందర్ పగలబడి నవ్వాడు. బంతి జారి కుర్చీ కిందికి దొర్లింది. "నువ్వంటే తప్పది గద మామా! మరెట్లున్న నేను?"

"తప్పు జెప్పిన."

ఆ రెండు ముక్కలు అనడానికి ఆయన ఎంత తిప్పలు పడ్డాడో వరండాలో ఎవరికీ అక్కర్లేకపోయింది. వీరేందర్ తృప్తిగా తల ఊపాడు. త్రివేణి గిన్నెలో గింజలు పెట్టి ఇచ్చింది. ఇద్దరూ తిన్నారు. రామస్వామి వంగి బంతి తీసి ఇచ్చాడు. లోపల ఏదో కాస్త తేలికైనట్టుంది. ఇక వెళ్ళొచ్చనుకొని ఖాళీ సంచి మడత పెట్టుకొని లేచాడు.

వీరేందర్ తలెత్తాడు. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు ముఖమంతా విప్పారింది.

"అరె, రా మామా. కూసో. ఎవలకు సీరియస్?"

రామస్వామి కూర్చున్నాడు.

"నీకే ఉండెరా" అని మొదలుపెట్టాడు.